సైనికులు, పాదిరులు: మెథడిస్టు సంప్రదాయం, తెలంగాణ

నిర్వచనం, పరిధి

సైన్యంలో పనిచేసి ఆ తర్వాత సంఘ కాపరులైనవారు మెథడిస్టు చరిత్రలో మొదటి తరం నుంచీ కనిపిస్తారు. ఆంగ్లికన్ గురువు జాన్ వెస్లీ (1703–1791), ఆయన తమ్ముడు చార్లెస్ వెస్లీ (1707–1788) 18వ శతాబ్దపు ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టారు. గుడి గోడల మధ్య కాకుండా బొగ్గుగనుల దగ్గర, సంతల్లో, ఆరుబయట ప్రసంగించడం వీరి పద్ధతి. ఆ ఆరుబయటి శ్రోతల్లో సైనికులూ ఉండేవారు.

సైన్యంతో ముడిపడిన మెథడిస్టు బోధకులు మూడు రకాలు. ఆయుధం వదిలేసి బోధకుడైనవాడు ఒకరు. సైనికోద్యోగంలో ఉంటూనే బోధించినవాడు ఇంకొకరు. తాను ఎన్నడూ ఆయుధం పట్టకపోయినా దండులో సైనికుల మధ్య పరిచర్య చేసిన పాదిరి మూడోవాడు. ఇంగ్లండు, అమెరికా చరిత్రలో మొదటి రెండు రకాలవారికి పేరు ఎక్కువ. తెలంగాణలో మెథడిస్టు సంఘానికి పునాది వేసింది మాత్రం మూడో రకంవారే. ఈ తేడా గమనించకపోతే సికింద్రాబాదు కంటోన్మెంటుకూ మెదక్ పల్లెలకూ ఉన్న సంబంధం అర్థం కాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతానికి సువార్త ఎందుకు పూర్తిగా వేరే దారిలో వచ్చిందో కూడా తెలియదు.

తొలి సైనిక బోధకులు

జాన్ హేమ్ (సుమారు 1710–1784) ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంవాడు, అశ్వికదళ సైనికుడు. ఆస్ట్రియా వారసత్వ యుద్ధంలో ఫ్లాండర్స్‌కు వెళ్లి 1743లో డెటింగెన్, 1745లో ఫోంటనోయ్ యుద్ధాల్లో పాల్గొన్నాడు. అక్కడి శిబిరంలోనే తోటి సైనికులను కూడగట్టి ప్రార్థన సమాజం ఏర్పాటు చేశాడు. పగలు కవాతు, సాయంత్రం గుడారంలో ప్రసంగం. ఫోంటనోయ్‌లో ఆ సమాజంలో చాలామంది చనిపోయారు. ఆ తర్వాత హేమ్ తన విశ్వాసాన్నే శంకించుకుంటూ దాదాపు ఇరవై ఏళ్లు తీవ్ర నిరాశలో గడిపాడు. బోధించడం మాత్రం ఆపలేదు. వెస్లీ ఆయనను సంచార బోధకుల్లో ఒకరిగా నిలుపుకున్నాడు, జీవితకథ రాయించి తన పత్రికలో అచ్చువేశాడు. యుద్ధం చూసిన మనిషి మనసు ఎలా కుంగిపోతుందో తెలుసుకోవడానికి ఆ కథ ఇప్పటికీ పనికొస్తుంది. తొలి మెథడిస్టు ఆత్మకథల్లో ఇంత నిర్మొహమాటంగా రాసినవి తక్కువ.

సాంప్సన్ స్టానిఫోర్త్ (1720–1799) షెఫీల్డులో పుట్టి సైన్యంలో చేరాడు. తాగుడు, జూదం, దోపిడీలతో గడిపానని తానే చెప్పుకున్న ఇతణ్ని మార్చింది మార్క్ బాండ్ అనే తోటి సైనికుడు. బాండ్ యుద్ధంలో చనిపోయాడు. స్టానిఫోర్త్ సైన్యం నుంచి బయటపడి లండన్ పక్కనున్న డెట్‌ఫర్డ్‌లో రొట్టెల దుకాణం పెట్టుకున్నాడు. దుకాణం నడుపుతూనే బోధకుడిగా కొనసాగాడు.

రెండో రకానికి ప్రసిద్ధ ఉదాహరణ కెప్టెన్ థామస్ వెబ్ (మరణం 1796). ఉత్తర అమెరికాలో ఫ్రెంచి సేనలతో జరిగిన యుద్ధంలో ఆయన ఒక కన్ను కోల్పోయాడు. 1765 ప్రాంతంలో ఇంగ్లండులో మెథడిస్టుల్లో చేరి, ఆల్బనీలో బ్యారక్ మాస్టరుగా ఉద్యోగం చేస్తూ న్యూయార్కులోని కొద్దిపాటి మెథడిస్టు కూటానికి వెళ్లడం మొదలుపెట్టాడు. ఎర్రటి సైనిక దుస్తుల్లో, కంటికి పచ్చటి కట్టుతో వచ్చి, నడుముకున్న కత్తి తీసి ప్రసంగ పీఠం మీద బైబిలు పక్కన పెట్టి మాట్లాడేవాడు. మొదట ఆ వేషం చూడ్డానికి వచ్చిన జనం తర్వాత మాట వినడానికి వచ్చారు. 1768లో ప్రారంభమైన న్యూయార్క్ జాన్ స్ట్రీట్ ప్రార్థనామందిరానికి ఎక్కువ విరాళమిచ్చినవారిలో ఆయన ఒకడు. వెబ్ గురువుగా అభిషేకం పొందలేదు. మెథడిస్టుల పరిభాషలో ఆయన ‘స్థానిక బోధకుడు’, అంటే సొంత వృత్తి చేసుకుంటూ ప్రసంగించే గృహస్థుడు.

సైన్యానికీ సంఘానికీ పోలికలు

మెథడిస్టు సంఘ నిర్మాణం సైనికులకు కొత్తగా తోచలేదు. 1742లో బ్రిస్టల్‌లో మొదలైన ‘క్లాసు’ పద్ధతిలో పది పన్నెండు మంది సభ్యులకు ఒక నాయకుడుండేవాడు. వారానికోసారి ఒక్కొక్కరినీ కలిసి, మంచిచెడ్డలు విచారించి, తలా ఒక పెన్నీ వసూలు చేయడం అతని పని. మూడు నెలలకోసారి ఇచ్చే క్లాసు టికెట్టు లేకపోతే కూటంలోకి రానిచ్చేవారు కాదు. బోధకులు ఒకేచోట స్థిరపడకూడదు. కాన్ఫరెన్సు ఏ సర్క్యూట్‌కు పంపితే అక్కడికి గుర్రమెక్కి పోవాలి. బదిలీ ఉత్తర్వు వస్తే మూటాముల్లే సర్దుకుని బయలుదేరడం సైనికుడికి అలవాటే. ఇప్పటికీ మెథడిస్టు పాస్టర్ల బదిలీలను వార్షిక కాన్ఫరెన్సే తేలుస్తుంది.

ఈ పోలికను సంస్థాగతంగా చివరిదాకా తీసుకెళ్లినవాడు విలియం బూత్ (1829–1912). మెథడిస్ట్ న్యూ కనెక్షన్ శాఖలో 1858లో అభిషేకం పొందిన ఆయన 1861లో ఆ శాఖను వదిలేశాడు. 1865లో లండన్ తూర్పు పేటలో క్రిస్టియన్ మిషన్ ప్రారంభించాడు. 1878లో దాని పేరు సాల్వేషన్ ఆర్మీ అయింది. సభ్యులను సైనికులనీ, బోధకులను ఆఫీసర్లనీ, తనను జనరల్ అనీ పిలిపించుకున్నాడు. ఇక్కడ సైనికుడు పాదిరి కావడానికి బదులు పాదిరే సైన్యాన్ని కట్టాడు. ఈ సంస్థ 1882లో బొంబాయికి వచ్చింది. తెలుగునాట బాపట్ల చుట్టుపక్కల బలపడింది. 1910ల్లో ఎరుకల కుటుంబాల కోసం ఏర్పడిన స్టువర్టుపురం సెటిల్‌మెంటును నడిపింది ఈ సంస్థే (చూ. స్టువర్టుపురం).

సైన్యంలో మెథడిస్టులకు గుర్తింపు

వెస్లీ కాలంలోనే సైన్యంలో మెథడిస్టులున్నా, బ్రిటిష్ సైన్యం వారిని వేరే శాఖగా గుర్తించడానికి వందేళ్లకు పైగా పట్టింది. సైనికుడి మతం నమోదయ్యే రిజిస్టరులో చాలాకాలం ఆంగ్లికన్, ప్రెస్బిటేరియన్, రోమన్ కాథలిక్ అనే గళ్లే ఉండేవి. మెథడిస్టు సైనికుడు ఆదివారం ఉదయం ఆంగ్లికన్ ఆరాధనకు వరుసలో నడిచి వెళ్లి, సాయంత్రం తన సొంత కూటం వెతుక్కోవాల్సి వచ్చేది. విలియం హారిస్ రూల్ వంటి పాదిరులు ఆల్డర్‌షాట్ సైనిక శిబిరం కేంద్రంగా పోరాడిన మీదట 1860ల్లో వెస్లియన్లకు, అంటే బ్రిటిష్ మెథడిస్టుల ప్రధాన శాఖవారికి, విడిగా గుర్తింపు దక్కింది. తర్వాత దండుల్లో పనిచేసే వెస్లియన్ పాదిరులకు ప్రభుత్వ భత్యం కూడా అందింది.

భారతదేశంలో ఈ ఆదివారపు ఆరాధనకు ఒక ప్రత్యేకత ఉంది. 1857 తిరుగుబాటు మే 10వ తేదీ ఆదివారం సాయంత్రం మీరట్‌లో మొదలైంది. అప్పటి నుంచి బ్రిటిష్ సైనికులు చర్చికి తుపాకులతో వెళ్లే ఆనవాయితీ ఏర్పడింది. దండు చర్చీల బల్లలకు తుపాకీ ఆనించడానికి గాడులు చెక్కించేవారు. కొన్ని పాత చర్చీల్లో ఆ బల్లలు ఇంకా ఉన్నాయి.

దేశీ సిపాయి సంగతి వేరు. సిపాయి క్రైస్తవుడైతే మిగతా సిపాయిలు తమ మతానికి ముప్పు వచ్చిందనుకుంటారని ఈస్టిండియా కంపెనీకి భయం. 1819లో మీరట్‌లో ప్రభుదీన్ అనే నాయక్ బాప్తిస్మం తీసుకున్నందుకు అతణ్ని రెజిమెంటు నుంచి తప్పించారు. ఒకే దండులో తెల్ల సైనికుడికి ఆరాధన విధి, నల్ల సిపాయికి మతం మారడం నేరంతో సమానం. ఈ రెండు నీతుల మధ్యనే మిషనరీలు పనిచేయాల్సి వచ్చింది.

సికింద్రాబాదు దండు

నిజాం అలీఖాన్ 1798లో ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒడంబడిక చేసుకున్నాడు. కంపెనీ సేనలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. 1806లో సికందర్ జా పేరు మీద ఆ ప్రాంతం సికింద్రాబాదు అయింది. ఊరివాళ్లకు మాత్రం అది లష్కర్. ఇప్పటికీ ఉజ్జయినీ మహంకాళి బోనాలను లష్కర్ బోనాలంటారు. తిరుమలగిరి, బొల్లారం కలుపుకుని ఇది దక్షిణ భారతంలో పెద్ద సైనిక స్థావరాల్లో ఒకటైంది. సెయింట్ జాన్స్ చర్చి 1813లో, బొల్లారం హోలీ ట్రినిటీ చర్చి 1847లో కట్టారు. రెండూ ఆంగ్లికన్లవి.

వెస్లియన్ మెథడిస్టులు దక్షిణ భారతంలోకి మద్రాసు మీదుగా వచ్చారు. 1817లో జేమ్స్ లించ్ సింహళం నుంచి మద్రాసు చేరాడు. అక్కడి నుంచి నిజాం రాజ్యానికి రావడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. విలియం బర్జెస్ 1879–80లో సికింద్రాబాదులో మిషన్ ప్రారంభించాడు. దండులోని వెస్లియన్ సైనికులు, ఇంగ్లీషు మాట్లాడే ఇతర కుటుంబాలు ఆయన తొలి సభ్యులు. నిజాం రాజ్యంలో మిషనరీకి సొంతంగా నిలదొక్కుకునే చోటు లేదు. దండు బ్రిటిష్ అధికారంలో ఉండేది. భద్రతకు భద్రత, ఇంగ్లీషు సంఘానికి సంఘం, కొంత భత్యం కూడా అక్కడే దొరికాయి. తెలుగు పల్లెలకు వెళ్లే పనికి ఆ చోటు మొదటి మజిలీ అయింది.

దండులో పాదిరి దినచర్యలో ఆదివారం పరేడ్ ఆరాధన ఒక్కటే ఉండేది కాదు. సైనికాసుపత్రిలో రోగులను చూడటం, శిక్షలో ఉన్నవారిని పలకరించడం, అంత్యక్రియలు జరిపించడం రోజూ ఉండే పనులు. కలరా, టైఫాయిడ్, మలేరియా యుద్ధం కంటే ఎక్కువమందిని పొట్టనపెట్టుకున్న రోజులవి. దండుల్లో వెస్లియన్లు నడిపిన ‘సోల్జర్స్ హోమ్’లలో సారా బదులు టీ, పత్రికలు, ఆటలు, చదువుకునే గది ఉండేవి. తిరుమలగిరిలోని గ్యారిసన్ వెస్లీ చర్చి పేరులో ఆ కాలపు గుర్తు మిగిలింది. గ్యారిసన్ అంటే కాపలా సేన. బ్రిటిష్ సైనికులు 1947లో వెళ్లిపోయినా పేరు మారలేదు.

దండు నుంచి పల్లెకు

బర్జెస్ బృందంలోని తెలుగు సువార్తికుల్లో జోసెఫ్ కొర్నేలియస్, బెంజమిన్ వెస్లీ ముఖ్యులు. ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో తెలుగు పల్లెకు వెళ్లి మాట్లాడింది, తిండి తిని తిట్లు కూడా తిన్నది ఇలాంటివారే. మిషన్ నివేదికల్లో మాత్రం దొరల పేర్లే పెద్దక్షరాల్లో ఉంటాయి. కరీంనగర్, సిద్దిపేట, మెదక్, ఆలేరు, నిజామాబాదు వైపు వెస్లియన్ కేంద్రాలు ఒక్కొక్కటిగా ఏర్పడ్డాయి.

దండు పాదిరి పల్లె పాదిరి కావడానికి చార్లెస్ వాకర్ పోస్నెట్ జీవితమే పెద్ద ఉదాహరణ. ఆయన 1895లో వచ్చి మొదట సికింద్రాబాదులో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశాడు. ఆ పనిలో తృప్తి లేక పల్లెల వైపు మళ్లి మెదక్‌లో స్థిరపడ్డాడు. అప్పటికి మెదక్‌కు రైలు లేదు. గుర్రం మీదా ఎడ్లబండి మీదా ప్రయాణం. పోస్నెట్ అక్కాచెల్లెళ్లు కూడా మెదక్ వచ్చి వైద్య సేవ, స్త్రీల విద్యలో పనిచేశారు. చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. పల్లెకొక ఉపదేశిని పెట్టి, అతనితోపాటు భార్యకు కూడా శిక్షణ ఇచ్చే పద్ధతి మెదక్ మిషన్‌ను నిలబెట్టింది. పల్లెలో ఉపదేశి పిల్లలకు అక్షరాలు దిద్దించేవాడు, పట్వారీ రాసిన కాగితం చదివి వినిపించేవాడు. వెట్టి పిలుపు వచ్చినప్పుడు వాళ్ల తరఫున నలుగురిలో నిలబడి మాట్లాడేవాడు. జనం దృష్టిలో ఆయనే అయ్యగారు.

మెదక్ చర్చి నిర్మాణం 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో కూలి, తిండి దొరకాలని ఈ పని పెట్టించారని స్థానికులు చెబుతారు. భవనం వెడల్పు 100 అడుగులు, పొడవు 200 అడుగులు, గంట గోపురం ఎత్తు 175 అడుగులు. ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన రంగుటద్దాల కిటికీల్లో ఆరోహణ దృశ్యాన్ని 1927లో, జనన దృశ్యాన్ని 1947లో, సిలువ దృశ్యాన్ని 1958లో అమర్చారు. పోస్నెట్ 1939లో పదవీ విరమణ చేసి 1950లో మరణించాడు. పోస్నెట్ ఎన్నడూ సైనికుడు కాదు. ఆయనను మాజీ సైనికుడిగా చెప్పే కథనాలు సైనికుల పాదిరి అనే మాటను తప్పుగా పట్టుకున్నవే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడినప్పుడు బ్రిటిష్ మెథడిస్టుల సంఘాలు అందులో కలిశాయి. మెదక్ డయాసిస్ అలా పుట్టింది. దాని తొలి బిషప్ ఫ్రాంక్ విటేకర్ (చూ. దక్షిణ ఇండియా సంఘం, మెదక్ డయాసిస్).

అమెరికన్ మెథడిస్టులు

అమెరికా నుంచి వచ్చిన మెథడిస్ట్ ఎపిస్కోపల్ శాఖ వేరే సంస్థ. విలియం టేలర్ (1821–1902) 1870లో భారతదేశానికి వచ్చి బొంబాయి, కలకత్తా, మద్రాసు, హైదరాబాదు వంటి చోట్ల స్వయంపోషక సంఘాలు పెట్టాడు. రైల్వే ఉద్యోగులు, సైనికులు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వాటిలో ఎక్కువ. విదేశీ చందా అక్కర్లేని సంఘం ఆయన పట్టుదల. జీతాలు వచ్చేవాళ్లున్న దండు, రైల్వే కాలనీ అందుకు అనువైన చోట్లు. 1876లో దక్షిణ భారత కాన్ఫరెన్సు ఏర్పడింది. ఆ తర్వాత ఈ శాఖ వికారాబాదు, తాండూరు, బీదరు వైపు పల్లెల్లోకి పోయింది. హైదరాబాదులో 1895లో మొదలైన స్టాన్లీ బాలికల పాఠశాల ఈ శాఖదే. ఈ శాఖ దక్షిణ ఇండియా సంఘంలో చేరలేదు. 1981లో స్వతంత్ర ప్రతిపత్తి పొంది మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా కొనసాగుతోంది. ఇప్పుడు హైదరాబాదులో ‘మెథడిస్టు’ అనే బోర్డు కనిపిస్తే ఎక్కువగా ఈ శాఖదే. వెస్లీ పేరున్న చర్చీలు సాధారణంగా సీఎస్ఐకి చెందినవి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

పాత నల్లగొండ జిల్లాలోని ఈ మూడు పట్టణాలూ మెథడిస్టు పటంలో అంచున ఉంటాయి. మిషన్లు తమలో తాము పోటీ పడకుండా ప్రాంతాలు పంచుకునే ఒప్పందాలు చేసుకున్నాయి. మెదక్, కరీంనగర్, నిజామాబాదు ప్రాంతాలు వెస్లియన్లకు, బీదరు, వికారాబాదు అమెరికన్ మెథడిస్టులకు దక్కాయి. ఖమ్మం, డోర్నకల్ వైపు ఆంగ్లికన్లు పనిచేశారు. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్య తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్. నల్లగొండ ప్రాంతంలో చాలా భాగం బాప్టిస్టులకు వచ్చింది. జిల్లా ఉత్తరపు కొసన రైలు మార్గం మీదున్న ఆలేరు మాత్రం వెస్లియన్ల కేంద్రం.

నల్లగొండకు వచ్చిన బాప్టిస్టు మిషనరీలు అమెరికా సంఘం తరఫున పనిచేసినా అమెరికన్లు కారు. అబ్రహాం ఫ్రీసెన్ దక్షిణ రష్యాలోని జర్మన్ భాషీయుల మెనొనైట్ బ్రదరన్ సంఘంవాడు. హాంబర్గులో వేదాంతం చదివి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ ద్వారా 1889లో భార్యతో భారతదేశానికి వచ్చి 1890లో నల్లగొండలో కేంద్రం స్థాపించాడు. తర్వాత అదే సంఘం నుంచి వచ్చిన అబ్రహాం హ్యూబర్ట్ సూర్యాపేట కేంద్రాన్ని నడిపాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టూ పల్లెల్లో బాప్టిస్టు సంఘాలు పెరగడానికి నల్లగొండ, సూర్యాపేట కేంద్రాలే మూలం.

మెనొనైట్లు 16వ శతాబ్దం నుంచీ ఆయుధం పట్టడాన్ని మత నియమంగా నిరాకరించినవారు. 1874లో రష్యా నిర్బంధ సైనిక సేవ చట్టం తెచ్చినప్పుడు వేలమంది అమెరికాకు, కెనడాకు వలసపోయారు. మిగిలినవారి పిల్లలకు తుపాకీ బదులు అడవుల పెంపకంలో పనిచేసే వెసులుబాటు దొరికింది. ఫ్రీసెన్ తరం పెరిగింది ఆ వాతావరణంలో. సికింద్రాబాదులో మెథడిస్టు పాదిరి తన పనిని రెజిమెంటు ఆరాధనతో మొదలుపెడితే, అక్కడికి సుమారు 135 కిలోమీటర్ల దూరంలోని సూర్యాపేటకు సువార్త తెచ్చింది సైన్యాన్నే ఒప్పుకోని సంఘం నుంచి వచ్చినవారు. ఒకే రాజ్యంలో, ఇరవై ఏళ్ల తేడాలో ఈ రెండూ జరిగాయి. తెలంగాణ క్రైస్తవ చరిత్ర రాసినవారు దీనికి తగినంత చోటు ఇవ్వలేదనే చెప్పాలి.

మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే వచ్చిన రష్యా విప్లవంతో దక్షిణ రష్యా నుంచి వచ్చే సహాయం ఆగిపోయింది. అమెరికన్ బాప్టిస్టు మిషనే ఆ పనిని కొనసాగించింది. 1962లో సమావేశం ఆఫ్ తెలుగు బాప్టిస్ట్ చర్చెస్ ఏర్పడి సంఘాల పాలన తెలుగువారి చేతికి వచ్చింది (చూ. తెలుగు బాప్టిస్టులు).

అసలైన సైనిక చరిత్ర ఈ ప్రాంతానికి వేరే ఉంది. 1946–51 తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాలు గుండెకాయ. 1948 సెప్టెంబరు 13న నిజాం రాజ్యం మీద మొదలైన పోలీసు చర్యలో విజయవాడ వైపు నుంచి వచ్చిన భారత దళం కోదాడ, సూర్యాపేట రోడ్డు మీదుగానే హైదరాబాదు వైపు నడిచింది. 2020 జూన్‌లో గల్వాన్ లోయలో వీరమరణం పొంది, మరణానంతరం మహావీర చక్ర అందుకున్న కల్నల్ బి. సంతోష్‌బాబు సూర్యాపేటవారు.

సైనికుడు పాస్టరు కావడం: విధానం

సైన్యం నుంచి వచ్చినవారికి మెథడిస్టు సంఘంలో ప్రత్యేక దారి లేదు. అందరిలాగే స్థానిక సంఘం సిఫారసుతో మొదలవుతుంది. మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాలో అభ్యర్థి ముందు స్థానిక బోధకుడిగా లైసెన్సు పొందుతాడు. జిల్లా స్థాయిలో పరిశీలన, వేదాంత విద్య, పరీక్షా కాలం పూర్తయ్యాక డీకన్‌గా, తర్వాత ఎల్డరుగా అభిషేకం పొందుతాడు. తర్వాత డిస్ట్రిక్ట్ సూపరింటెండెంట్ కింద సంఘం అప్పగిస్తారు. సీఎస్ఐలో డీకన్, ఆపైన ప్రెస్బిటర్. తెలుగువారికి వేదాంత విద్యకు ముఖ్య కేంద్రం ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల. 1964లో రాజమండ్రిలో ఉమ్మడి కళాశాలగా మొదలై 1973లో హైదరాబాదుకు మారింది. బాప్టిస్టు, లూథరన్, సీఎస్ఐ, మెథడిస్టు విద్యార్థులు అక్కడ ఒకే తరగతిలో చదువుతారు.

సిపాయిలు చాలామంది నలభై దాటకముందే పింఛనుతో ఇంటికొస్తారు. రెండో జీవితానికి వయసు, స్థిరమైన ఆదాయం రెండూ ఉంటాయి. జీతం సరిగా ఇవ్వలేని పల్లె సంఘానికి పింఛను వచ్చే పాస్టరు భారం కాడు. ఇబ్బందులూ లేకపోలేదు. ఆదేశమిస్తే జరిగిపోయే చోటు నుంచి వచ్చినవాడు, ప్రతిదానికీ సంఘ పెద్దల కమిటీలో చర్చ జరిగే చోట సర్దుకోవాలి. పాస్టరేట్ కమిటీని పరేడ్ గ్రౌండులా నడపబోతే మూడు నెలలు కూడా సాగదు.

భారత సైన్యంలో పాద్రీ

స్వతంత్ర భారత సైన్యంలో బ్రిటిష్ కాలపు చాప్లిన్ వ్యవస్థ లేదు. దాని స్థానంలో రిలీజియస్ టీచర్ అనే జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్ హోదా ఉంది. పండిట్, గ్రంథి, మౌల్వి, పాద్రీ, బౌద్ధ గురువు ఈ వర్గంలోకి వస్తారు. చేరినప్పటి హోదా నాయబ్ సుబేదార్. పాద్రీగా దరఖాస్తు చేసేవారు తమ సంఘంలో అభిషేకం పొంది, బిషప్ గుర్తింపు ఉన్నవారై ఉండాలి. పుణెలోని జాతీయ సమైక్యతా సంస్థలో శిక్షణ ఇస్తారు. ఆరాధన నడపడం, అంత్యక్రియలు జరిపించడం, ఆసుపత్రిలో రోగుల దగ్గర ప్రార్థన చేయడం, శిక్ష అనుభవిస్తున్న సైనికులను కలవడం, పిల్లలకు మతబోధ చేయడం విధులు. సికింద్రాబాదు వెస్లియన్ పాదిరి చేసిన పనుల జాబితాకూ దీనికీ తేడా చాలా తక్కువ. చాలా యూనిట్లలో గుడి, మసీదు, గురుద్వారా, చర్చి ఒకే కప్పు కింద ఉండే సర్వధర్మ స్థల్ ఉంటుంది.

వివాదాలు, అంచనాలు

దండు ద్వారా వచ్చిన మతానికి పాలకుల మతమనే ముద్ర తప్పలేదు. జాతీయోద్యమ కాలంలో ఆ విమర్శ గట్టిగానే వినిపించింది. మెదక్, కరీంనగర్ పల్లెల్లో చేరినవారు బ్రిటిష్ పౌరులు కారు, నిజాం ప్రజలు. వారికి మతమార్పిడితో ప్రభుత్వోద్యోగమో భూమో దక్కలేదు. దక్కినవి బడి, ఆసుపత్రి, తమ ఇంటి గడప తొక్కి పలకరించే అయ్యగారు. ఆ కారణంగా విమర్శలో కొంతే నిజముందనాలి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు షెడ్యూల్డు కులాల హోదా లేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ-సి వర్గంలో ఉన్నారు.

పల్లె క్రైస్తవుల జీవితంలో పాత ఆచారాలు, పండుగలు ఏమేరకు మిగిలాయన్న విషయంపై పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ మెదక్ డయాసిస్‌లో చేసిన క్షేత్ర అధ్యయనం 1968లో పుస్తకంగా వచ్చింది. సంఘం కాగితం మీద కనిపించినంత ఏకరూపంగా పల్లెలో లేదని అది చూపించింది. పాదిరుల నివేదికల కంటే ఆ పుస్తకమే నమ్మదగినది.

యుద్ధం విషయంలో మెథడిస్టుల్లో ఏకాభిప్రాయం ఎన్నడూ లేదు. వెస్లీ యుద్ధాన్ని మానవ పతనానికి రుజువుగా చూశాడు కానీ సైనికోద్యోగాన్ని నిషేధించలేదు. 20వ శతాబ్దంలో బ్రిటిష్ మెథడిస్టు బోధకుడు డొనాల్డ్ సోపర్ (1903–1998) యుద్ధ నిరాకరణ వాదానికి గొంతు అయ్యాడు. అదే శాఖ రెండు ప్రపంచ యుద్ధాలకూ చాప్లిన్లను పంపింది. మెనొనైట్లకు ఉన్నటువంటి స్పష్టమైన నియమం మెథడిస్టులకు లేదు.

ప్రస్తుత స్థితి

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజనలో సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయింది. కోదాడ అందులో చేరింది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో మిగిలింది. మిషన్ల పాత హద్దులు ఇప్పుడు ఎవరూ పాటించడం లేదు. విజయవాడ జాతీయ రహదారి వెంట ఉన్న ఈ పట్టణాల్లో బాప్టిస్టు సంఘాల పక్కనే పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాలు వెలిశాయి. సికింద్రాబాదు ఇప్పటికీ కంటోన్మెంటే. తిరుమలగిరి గ్యారిసన్ వెస్లీ చర్చి సీఎస్ఐ మెదక్ డయాసిస్ కింద నడుస్తోంది.